పెద్దల్లుడి పల్లం

మామగారి మేత భూమిని అల్లుళ్లిద్దరూ పంచుకున్న రోజున ముందుగా కోరుకునే హక్కు పెద్దల్లుడికి దక్కింది. పచ్చగా ఉందని కాలువ పక్క పల్లం కోరుకున్నాడు. చిన్నల్లుడికి రాళ్ల మెరక మిగిలింది. ఆ క్షణం నుంచే పెద్దల్లుడు మెరకను చూసి కుళ్లుకోవడం మొదలుపెట్టాడు. తాను వదిలేసిన దానిలోనే ఏదో మహత్తు ఉందని నమ్మడం ఆయనకు పుట్టుకతో అబ్బిన విద్య. దాన్ని ఏనాడూ అశ్రద్ధ చేయలేదు.

తోడల్లుడి గొర్రెల నిగనిగలు ఆయనకు కంట్లో నలుసు. పైగా ఆ మనిషి ఎండెక్కి, గడ్డి మీద మంచు ఆరితే గానీ కొట్టం తలుపు తీయడు. దానికి పెద్దల్లుడు పెట్టిన పేరు బద్ధకం. ఆ బద్ధకాన్ని చిత్తు చేయడానికి తాను తెల్లవారకముందే మందను తోలుకెళ్లి, తడి గడ్డిలో, నత్తలు పాకే కాలువ అంచున మేపేవాడు. కడుపులో పురుగులు చావడానికి పట్టే నట్టల మందు దగ్గర మాత్రం పొదుపరి. ఒక గొర్రె మోతాదును రెండింటికి సర్దేవాడు.

వానలు పడ్డాక ఆయన ముద్దుల గొర్రెకు దవడ కింద మెత్తగా ఉబ్బింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దాన్ని కంచె దగ్గరికి నడిపించి తోడల్లుణ్ని కేకేశాడు.

"చూశావా తమ్ముడూ, గడ్డం కింద కండ! నీ మందలో ఒక్కదానికైనా ఉందా?"

చిన్నల్లుడు వేలితో నొక్కి చూశాడు. గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"అన్నయ్యా, ఇది కండ కాదు, నీరు. కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయి. కనురెప్ప తిప్పి చూడు, పాలిపోయి ఉంటుంది."

"ముందు నీ కళ్లు చూసుకో, నిప్పులు పోసుకున్నట్టున్నాయి!"

ఇంటికెళ్లి భార్యకు విజయవార్త వినిపించాడు. "మీ మరిది ఓర్వలేకపోతున్నాడే!"

"ఓర్వలేనిది ఎవరో నాకు తెలుసులెండి. ఇంతకీ రెప్ప తిప్పి చూశారా?"

చూడలేదు. చూస్తే తోడల్లుడి మాట విన్నట్టవుతుంది.

కొన్నాళ్లకు ఆ గొర్రె పడుకున్న చోటి నుంచి లేవలేదు. మరికొన్ని తలలు వేలాడేశాయి. పశువుల డాక్టరు వచ్చి రెప్ప తిప్పాడు. లోపల తెల్ల కాగితంలా ఉంది. బరువు చూసి, సరిపడా మందు పట్టించాడు.

"ఈ పల్లంలో ఇక మేపకు. తడి గడ్డినిండా నట్టల పిల్లలే. మెరక మేత ఎక్కడైనా చూసుకో. లేదంటే మంద మిగలదు."

మెరక మేత ఎక్కడుందో ఊళ్లో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా రెప్పవేయకుండా చూసింది దాన్నే కదా! ఓడిన రాజులా కంచె దాకా నడిచాడు.

"తమ్ముడూ... మీ మెరక మీద కాస్త చోటు..."

"తోలుకురా అన్నయ్యా. కాకపోతే మందు పనిచేసేదాకా కొట్టంలోనే ఉంచు. తర్వాతైనా నా మందలో కలపొద్దు, పై మూల విడిగా మేపుకో."

"అంటే నావేమైనా దొంగ గొర్రెలా?"

"కాదు. నట్టల గొర్రెలు."

అవమానాన్ని దిగమింగాడు. మంద బతికింది. ముద్దుల గొర్రె కూడా లేచి, పొట్టి గడ్డిని ఆవురావురుమంటూ కొరికింది. అంతటితో ఆగినా బాగుండేది. చిన్నల్లుడి అడుగుల చప్పుడు వినగానే తలెత్తి, గొంతారా అరిచింది. పెద్దల్లుడు పక్కనున్న భార్య వైపు తిరిగాడు.

"విన్నావుటే? ఇన్నాళ్లు పెంచాను, నన్ను చూసి ఒక్కనాడైనా అలా అరిచిందా?"

"ఇప్పుడు దాని మీద కూడానా?" అంది భార్య.

గొర్రె మళ్లీ అరుస్తుందేమోనని ఆయన చెవులు రిక్కించి ఉన్నాడు.