కొరింథు ఉత్తరం, పండుగ వాటా

మొన్న ఆదివారం ఖమ్మంలో ఆరాధన అయ్యాక ఒక కుర్ర బోధకుడు తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి, కొరింథు పట్టణపు శిథిలాల ఫొటోలు చూపించాడు. ఇది బజారు, ఇది గుడి, ఇది రేవుకు పోయే బాట అని వరసగా చెబుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. బైబిలును ఆనాటి చరిత్రలో, ఆనాటి ఆచారాల మధ్య పెట్టి చదవాలన్నది అతని పాఠం. బాగా చెప్పాడు. నా పక్కన కూర్చున్నావిడ "గిదంతా ఇప్పుడు కనిపెట్టిండ్రా?" అని నా చెవిలో అడిగింది. కాదన్నాను. ప్రొజెక్టరు మాట అటుంచి, కరెంటే సరిగా ఉండని ఊళ్ళో ఈ పాఠం చెప్పి చెప్పి ప్రతి ఆదివారం అన్నం చల్లారబెట్టుకున్న మనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన మా మేనమామ.

మామయ్య ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక చిన్న ఊరికి పాస్టరు. ఆ దగ్గరి బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, ఇల్లు కిరాయికి దొరికే చోటు కాదు గనుక, కొన్నేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. రేకుల కప్పు చర్చి, దాన్ని ఆనుకుని ఇల్లు, ముందొక వసారా. వేసవిలో ఎటు తిరిగినా ఇప్పపువ్వు వాసన, వానాకాలంలో రేకుల మోతకు ప్రసంగం సగమే వినబడేది. మామయ్యకు ఒక జబ్బుండేది. ఏ వాక్యం చదివినా దాని అర్థం జోలికి పోకముందే, ఆ మాట ఎవరితో అన్నారు, వాళ్ళ ఊరెట్లుండేది, ఏం తినేవాళ్ళు అంటూ మొదలుపెట్టేవారు. ఒకసారి, పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి కిందికి దించిన కథ వచ్చింది. అక్కడి కప్పులు మట్టివని, చదునుగా ఉండేవని, పైకి పోవడానికి బయటే మెట్లుండేవని మామయ్య చాలాసేపు వివరించారు. అంతా విని ఒక ముసలాయన లేచి, "మంచిగున్నది సారూ, మరి ఆ కప్పు మళ్ళ ఎవరు కప్పిండ్రు?" అన్నాడు. ఏటా వానలకు ముందు తన ఇల్లు తనే కప్పుకునే మనిషి అడగవలసిన ప్రశ్నే. మామయ్య వారమంతా ఆ కప్పు సంగతి కోసం పుస్తకాలు వెతికారు. అత్తయ్య మాత్రం, కనీసం ఒక ఆదివారమైనా వేడన్నం తిందామంటే ఆ ఊళ్ళన్నీ చుట్టబెట్టి రావాలా అని విసుక్కునేది.

మా ఇంటి వెనక ఒక అక్క ఉండేది. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో కూలికి పోయి బతికేది. అతను జబ్బుపడిన రోజుల్లో చర్చి వాళ్ళు తోడున్నారని ఆమె చర్చిలో చేరింది. ఆమె అన్న మాత్రం తమ పాత నమ్మకంలోనే ఉన్నాడు. వాళ్ళకు కొత్తల పండుగ ఉంటుంది. కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, కోళ్ళో మేకో కోసి, మాంసాన్ని ఆకుల మీద వాటాలు వేసి ఇంటింటికీ పంపుతారు. ఆ పండుగ కాకముందు కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు. చలి మొదలయ్యే రోజుల్లో ఆ ఏడు అన్న పంపిన వాటాను అక్క తీసుకుంది, వండి పిల్లలతో కలిసి తిన్నది. కూర వాసనకు గోడలు అడ్డమా? మర్నాటికి చర్చి అంతటికీ తెలిసింది.

మా సంఘానికి ఒక పెద్దాయన ఉండేవారు. ఎర్రుపాలెం వైపు మనిషి, ఉద్యోగం నుంచి రిటైరై ఖమ్మంలో ఉంటూ, శనివారం బస్సులో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళేవారు. చర్చికి రేకులు వేయించింది ఆయనే. ఆయన మాట కాదనే అలవాటు మాకెవరికీ లేదు. అక్క అందరి ముందు తప్పు ఒప్పుకునేదాకా ఆదివారం అందరూ కలిసి తీసుకునే ప్రభువు బల్ల దగ్గర ఆమెకు రొట్టె ఇవ్వకూడదన్నారు. వినడానికి చిన్న మాట. కానీ బల్లకు దూరమైన మనిషి గడప అక్కడ ఎవరూ తొక్కరు. అక్కకు ఆపదలో దిక్కయినవాళ్ళు ఆ నలుగురే.

శనివారం మధ్యాహ్నం మామయ్యా పెద్దాయనా మా వసారాలో కూర్చున్నారు. అక్క స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. నేను పరీక్ష పేపర్లు ముందేసుకుని ఒక్కటీ దిద్దలేదు.

"విగ్రహాలకు పెట్టింది తినొద్దని వాక్యంల ఉన్నది. తెలిసి తిన్నది" అన్నారు పెద్దాయన.

"ఉన్నది. ఆ వాక్యం రాసింది కొరింథోళ్ళకు. ఆ ఊరు ఎట్లుండెనో చూద్దాం" అని మామయ్య మొదలుపెట్టారు. లోపల అత్తయ్య గిన్నె మీద మూత గట్టిగా పెట్టిన చప్పుడైంది. కొరింథులో బజారులో అమ్మే మాంసంలో చాలావరకు గుళ్ళలో కోసిందే ఉండేదని, కొట్లో కొన్నదాన్ని అడక్కుండా తినమని పౌలు ఆ ఊరి సంఘానికి ఉత్తరం రాశాడని, గుడి పంక్తిలో కూర్చోవద్దన్నాడని చెప్పి, "పెద్దన్నా, ఖమ్మంల మీరు మటన్ తెచ్చుకునే కొట్టు భాయ్, కోసేముందు వాళ్ళ దేవుని పేరు తల్సుకుంటడు గద. మీరు తింటలేరా?" అన్నారు.

"గది కొట్టు. గిది పండుగ."

"అవ్. పౌలు చెప్పిన తేడా గదే." మామయ్య మొహం వెలిగిపోయింది. అక్క వైపు తిరిగి, "బిడ్డా, పూజ కాడికి పోయినవా?" అని అడిగారు.

"పోలే. అన్న ఇంటికే పంపిండు. వాటా మర్లగొడితే తోడబుట్టినోళ్ళు కారన్నట్టు. రేపు నా పిల్ల లగ్గానికి మేనమామ లేకుంట ఎట్ల?"

"అయినా చూసినోళ్ళకు నొప్పయితది. నొప్పయితే తినొద్దని కూడ అదే ఉత్తరంల రాసిండు" అన్నారు పెద్దాయన.

మామయ్య నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, గెలిచిన నవ్వు. "రాసిండు. గది బలహీనుల కోసం రాసిండు. అంతకు ముందు దాకా గుళ్ళల్ల మొక్కి, అప్పుడే బయటికొచ్చినోళ్ళ కోసం. మీరు సంఘానికే పెద్ద. మీరు బలహీనులా?"

పెద్దాయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. ఇక లేచి బస్సుకు వెళ్ళిపోతారనుకున్నాను.

"అవ్. బలహీనుణ్ణే" అన్నారు. "మా నాయన ఊరి దేవతకు కోసేటోడు. నేను పక్కన పళ్ళెం పట్టుకునేటోణ్ణి. గా పండుగ కూర వాసనొస్తే నాకు ఇప్పటికీ కాళ్ళు అటే గుంజుతయ్. మళ్ళ ఆడికే పోతనేమో అని భయం. రేకులేసిన పెద్దమనిషిని, గీ మాట ఎవరికి చెప్పుకోవాలె?"

అంత పెద్ద కొరింథు పట్టణాన్ని వసారాలోకి తెచ్చిన మనిషికి, ఆ ఉత్తరంలోని బలహీనుడు తన ఎదురుగానే కూర్చున్నాడని తట్టలేదు. నాకు పెద్దాయన మీద అప్పటిదాకా ఉన్న కోపం పోయి జాలి కలిగింది. అక్కే ముందు తేరుకుంది.

"నీకు గింత కష్టమని నాకు తెల్వదు పెద్దయ్యా. వాటా తీస్కుంట, మా అన్నను ఇడిసిపెట్టలేను. వండుడు మానేస్త."

"తీస్కో బిడ్డా. ఒప్పుకోలు గిట్ల ఏం వద్దు" అన్నారాయన.

మర్నాడు రొట్టె పళ్ళెం తిప్పింది పెద్దాయనే. అక్క దగ్గర ఆగారు, ఆమె తీసుకుంది, ముందుకు నడిచారు. మామయ్య ప్రసంగం తొందరగా ముగిసింది, అత్తయ్య వేడన్నం పెట్టింది. ఆ తర్వాత ఏటా వాటా వచ్చేది, అక్క రెండు చేతులా అందుకుని వెనక గుమ్మంలోంచి, చర్చికి రాని తోటికోడలి ఇంటికి పంపేసేది. పిల్ల పెళ్ళికి మేనమామగా ఆ అన్నే వచ్చి దగ్గరుండి అన్నీ జరిపించాడు.

మామయ్య పోయారు. ఆయన కంటే ముందే పెద్దాయన పోయారు. నిరుడు పండుగ రోజుల్లో ఆ ఊరు వెళ్ళినప్పుడు అక్క ఇంట్లో పప్పన్నం తిన్నాను. వాటా వచ్చిందట, ఎప్పటిలాగే తోటికోడలికి పోయిందట. ఇప్పుడు నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు గదా, వండుకోవచ్చు గదా అన్నాను. "ఏమో, పెద్దయ్య లేడని చేతులకు గుర్తుండది" అన్నది. ఎంత పాత ఉత్తరానికైనా అది పుట్టిన కాలం ఏదో చెప్పగలిగేవారు మామయ్య. ఒక మనిషి కోసం ఇంకొక మనిషి మానుకున్నది ఏ కాలందాకా ఉంటుందో ఆయనా చెప్పగలిగేవారు కాదు.