షెడ్డులో మొగుడు

మా పొరుగింటి బీహాకు మొగుడు పోయి, నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిసిన వారానికే వాళ్ళ అనాస తోట షెడ్డులోకి నాగుపాము చేరింది. తైవాన్‌లో మా వైపు దాన్ని హస్తం పాము అంటాం. పడగ విప్పితే వెనకనుంచి అచ్చం అన్నం వడ్డించే హస్తమే. ఎలుకల కోసం వచ్చి ఎలుక బొరియలోనే కాపురం పెట్టింది. మామూలు రోజుల్లో అయితే పట్టేవాళ్ళకి ఫోన్ చేస్తాం. చావు జరిగిన ఇంటికి పాము వస్తే మాత్రం, పోయినవాళ్ళే ఆ రూపంలో వచ్చారేమోనని ముందు నువ్వెవరని అడగాలి.

బీహా పితరుల పీట ముందు దేవుణ్ణీ పెద్దల్నీ ప్రశ్న అడిగే రెండు చెక్క చంద్రవంకలు నేలమీద వేసి, "నువ్వేనా?" అని అడిగింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. అంటే అవునని. మళ్ళీ వేసినా అంతే. ఇంకేముంది!

ఆమె మొగుడు బున్‌హియోంగ్ బతికినన్నాళ్ళూ మెడ నిక్కించి బుసకొట్టడమే గానీ పెళ్ళాంతో నిదానంగా మాట్లాడిన పాపాన పోలేదు. అందుకని ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. పామూ అంతే. దూరంగా ఉంటే ఏమీ అనదు, దగ్గరికెళితే లేచి పడగ విప్పుతుంది. బీహా షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని, చిలగడదుంప గంజి, చిన్న గిన్నెలో బియ్యపు సారా పెట్టి, ఊరి సంగతులన్నీ చెప్పేది. పాము దేన్నీ ముట్టేది కాదు.

"బతికున్నప్పుడు మాత్రం నా వంట మెచ్చాడా ఏంటి?" అనేది నాతో.

కోడలు సియూలీకి కంటిమీద కునుకు లేదు. "అత్తమ్మా, మీకు దండం పెడతా. అది కరిస్తే ప్రాణం మిగిలినా వేళ్ళు కుళ్ళిపోతాయి. పట్టించేద్దాం."

"మీ మామని గోనెసంచిలో కట్టించి పంపుతావుటే? ఆయన పోతే నేనూ పోతా!"

వేసవి వానల్లో పాము బయటికి రావడం మానేసింది. జబ్బు చేసిందేమోనని బీహా పొడవాటి వెదురు కర్రతో ఎండుటాకుల కుప్ప పక్కకి నెట్టి, నన్ను కేకేసింది. పాము చుట్ట చుట్టుకుని ఉంది. దాని కింద తెల్లటి గుడ్లు, ఒకదానికొకటి అతుక్కుని. బుసకొట్టిందే గానీ వాటిని వదిలి కదల్లేదు.

నాకు నవ్వాగలేదు. "వదినా, మా అన్నయ్యకి కాన్పయింది!"

బీహా నవ్వలేదు. "అయితే ఆయన రాలేదు" అంది. కర్ర గోడకి ఆనించి, "ఇన్నాళ్ళూ నేను చెప్పిందేదీ వినలేదన్నమాట" అంది.



పట్టేవాణ్ణి తనే పిలిపించింది. "గుడ్లు తల్లితోనే ఉంచు నాయనా" అని చెప్పి పంపింది. అతను వెళ్ళాక ఆ గుమ్మంలోనే కూలబడి గట్టిగా ఏడ్చింది. మొగుడు పోయిన ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.