గొడుగు బావ కంటి పరీక్ష

మా బావని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ గొడుగు అంటారు. నగరం చూడటానికి వచ్చినవాళ్ళని మా బస్సులో తిప్పి చూపించే గైడు ఆయన. జనంలో ఎవరూ తప్పిపోకుండా పసుపుపచ్చ గొడుగొకటి ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు. ఆ బస్సు నడిపేది నేను. మా అక్కని పెళ్ళి చేసుకున్న ఏడాదే నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించాడు. అప్పటినుంచీ ఇంట్లోనూ ఆయన గొంతే, బస్సులోనూ ఆయన గొంతే. ఇరవై ఆరేళ్ళు. ఇది శిక్షో వరమో నేనింకా తేల్చుకోలేదు.

రోజుకి ఎనిమిది చోట్లు. కోట గుమ్మంతో మొదలై, సింహాసనపు గది, గడియారపు గోపురం, ఆయుధాల మ్యూజియం మీదుగా వెళ్ళి చివరికి బురుజు ఎక్కిస్తాం. బురుజుకి నూట పద్నాలుగు మెట్లు, అన్నీ అరిగిపోయినవే. మిగతా గైడ్లు వస్తువు కేసి చూపిస్తూ చెబుతారు. మా బావ దానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి చెబుతాడు. గోడకేసి మాట్లాడితే గోడ నవ్వుతుందా అనేవాడు. పుస్తకంలో ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాక, పుస్తకంలో లేనిదొకటి కొసరు వేస్తాడు. సింహాసనం కాళ్ళలో ఒకటి కాస్త పొట్టి, ఊగకుండా కింద రాగి రేకు పెట్టారు, కావాలంటే వంగి చూడండి అంటాడు. నలభై మందీ వంగుతారు. చూసి మురిసిపోతారు. ఆ మురిపెం లేకపోతే ఆయనకి అన్నం సయించదు.

కిందటేడు గడియారపు గోపురానికి మరమ్మతులు మొదలుపెట్టి, పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ గుడ్డ కప్పేశారు. మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. బావ మామూలుగా దిగి, వీపు అటు పెట్టి, కథంతా చెప్పి, "పెద్ద ముల్లు చూడండి, కొస కొంచెం వంగి ఉంటుంది" అన్నాడు. జనం గొల్లుమన్నారు, హాస్యమాడాడనుకుని. వాళ్ళు ఎందుకు నవ్వారో తెలియకపోయినా ఆయనా నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బస్సు ఆ గోపురం చుట్టూ తిరిగే కదా ఆగింది. కళ్ళున్నవాడికి అంత గుడ్డ కనిపించదా?

సాయంత్రం అక్కని నిలదీశాను. బట్టలు మడత పెడుతూనే చావు కబురు చల్లగా చెప్పింది. రెండేళ్ళయిందట. మనుషులు ఆకారాలుగా తెలుస్తారు, అంతకు మించి లేదు. మందుకీ ఆపరేషన్‌కీ లొంగేది కాదన్నారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని నమ్ముకుని రోజూ నలభై మంది ఆ మెట్లు దిగుతున్నారు, తెలుస్తోందా నీకు అని అరిచాను. అక్క మడతలు ఆపలేదు.

"ఆ బిళ్ళ పీకేస్తే ఈయన మనిషిగా మిగలడురా. నీ ఇష్టం, వెళ్ళి చెప్పుకో," అంది.

బిళ్ళంటే గైడు బిళ్ళ, చొక్కాకి పెట్టుకునేది. మూడేళ్ళకోసారి పర్యాటక శాఖ వాళ్ళు ఆసుపత్రిలో కంటి పరీక్ష చేయించి మళ్ళీ ఇస్తారు. ఆ పరీక్ష ఇంకో నెలలో ఉంది. చెప్పేయాలని రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. రెండుసార్లూ వెనక్కి వచ్చాను. ఆ ధైర్యం నాకు లేదు, ఒప్పుకుంటున్నాను. మెట్ల దగ్గర మాత్రం బస్సుకి తాళం వేసి, ఎవరైనా జారితే పట్టుకుందామని వరస వెనకాలే దిగేవాణ్ణి. ఇదేం కొత్త శ్రద్ధరా అని బావ వేళాకోళం ఆడేవాడు.

ఈలోగా అక్క తన కళ్ళు చూపించుకునే వంకతో అదే ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్ళిన ఐదు నిమిషాల్లో గోడకున్న అక్షరాల అట్టని కాగితం మీదికి ఎక్కించేసింది. మా అక్క ఏ పనీ సగం చెయ్యదు. అట్టకి జానెడు దూరంలో నిలబడి ఉన్నదంతా దించింది. ఆ కాగితం తెచ్చి చేతిలో పెడితే నేను కాదనలేకపోయాను. మర్నాటి నుంచి పొద్దున్నే ఖాళీ బస్సులో నేను చదవడం, ఆయన అప్పజెప్పడం. మూడో రోజుకే వచ్చేసింది. మూడు వందల ఏళ్ళ రాజుల వరస నోటికి వచ్చినవాడికి పదకొండు వరసల అక్షరాలు ఒక లెక్కా?

పరీక్ష రోజు చెయ్యి పట్టుకోకుండా, భుజం తగిలేలా పక్కనే నడిచి కుర్చీలో కూర్చోబెట్టాను. చదవండి అంది డాక్టరమ్మ. మొదలుపెట్టాడు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, ఇంకా చిన్నవి, ఒక్క తప్పు లేదు. చివరి వరస అయిపోయింది. డాక్టరమ్మ తల ఊపి సంతకానికి పెన్ను తీసింది. అక్కడ ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? కొసరు వెయ్యకుండా ఉండలేకపోయాడు.

"కింద మూలన అట్ట వేసిన ప్రెస్సు పేరు, సంవత్సరం కూడా ఉన్నాయండీ," అని అవీ చెప్పేశాడు.

కొంప మునిగింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. లేచి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, అట్టకి ముక్కు తగిలేటంత దగ్గరగా వంగి చదివింది. ఆ కుర్చీలోంచి ఇది ఏ కంటికీ ఆనదండీ అంది. ఆవిడ కోప్పడలేదు. లైటు వేసి ఆయన కళ్ళలోకి చాలాసేపు చూసింది. తరవాత, రోజుకి ఎంతమందిని ఆ బురుజు దింపుతారని అడిగింది.

"నలభై మందినండీ. ఈ రెండేళ్ళలో ఒక్కళ్ళకి కూడా కాలు జారలేదు," అన్నాడు. గొంతులో గర్వమే ఉంది.

"మరి మీకు?"

ఆయన పడటం నేనెప్పుడూ చూడలేదని నేను అడ్డం వచ్చాను. బావ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"తొమ్మిదిసార్లు పడ్డానండీ. తెల్లారగానే వెళ్ళి ఒక్కణ్ణే ఎక్కి దిగుతాను. రాత్రికి రాత్రే ఏ రాయి కదిలిందో, ఏది పాకుడు పట్టిందో కాలితో చూసుకోవాలి కదా. వాళ్ళు వచ్చేది నన్ను చూసుకునేగా."

బావే తడుముకుంటూ బిళ్ళ విప్పి బల్ల మీద పెట్టాడు.

తెల్లవారుజామున కోట కాపలావాడితో కబుర్లకి పోతున్నాడని రెండేళ్ళుగా నేను ఎగతాళి చేస్తూ వచ్చాను. బస్సు ఎక్కాక వంగి ఆయన ప్యాంటు పైకి లాగి చూశాను. మోకాళ్ళ కింద పాత దెబ్బల మీదే కొత్త దెబ్బలు. కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు చెప్పలేనంత కోపమూ వచ్చింది. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని దింపేవాణ్ణి కదా బావా అన్నాను.

ఆయన ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

"నా చెయ్యి ఒకడు పట్టుకుంటే, నా వెనక ఎవరొస్తారురా?" అన్నాడు.