రచయితతో తగువు

కౌ లిన్‌షెంగ్ పరీక్ష పోయింది ఇంగ్లిషు రాక కాదు, ఊరుకోవడం రాక. వాళ్ళది చైనాలోని డింగ్‌షీ కొండల్లో ఆలుగడ్డలు పండించే కుటుంబం. ఆ ఇంట్లో తిండి దగ్గర కూర్చుంటే ముద్దకో వాదన. లాన్‌జౌ నగరానికి వ్యవసాయం చదవడానికి వస్తూ ఆ అలవాటునూ మూటగట్టుకుని తెచ్చుకున్నాడు.

డిగ్రీ పిల్లలు రాసే ఇంగ్లిషు పరీక్షలో ఒక వ్యాసమిచ్చి, దాని మీద ప్రశ్నలడుగుతారు. లిన్‌షెంగ్ మొదటి పేరాలోనే రచయితతో గొడవకు దిగేవాడు. మిగతాదంతా కోపం మీదే చదివేవాడు. అతని గదిలో ఉండే ఛూ హాయ్ అసలు వ్యాసం జోలికే పోడు. ప్రశ్న ఏదైనా సరే, కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడోదానికి గీత పెట్టేస్తాడు. ఇద్దరూ తప్పారు. అయినా ఎవరి పద్ధతి వాళ్ళకు గొప్ప.

ఒకనాడు సాధన తరగతిలో బియన్ మేడమ్ ఇచ్చిన వ్యాసం ఆలుగడ్డల మీదే. రచయితకు ఆలుగడ్డ అంటే చిన్నచూపని లిన్‌షెంగ్ జవాబు పెట్టాడు. ఎందుకలా పెట్టావని మేడమ్ అడిగింది.

"పేదల తిండి అని రాశాడు మేడమ్. మా ఊరొస్తే తెలిసేది ఆయనకి."

"సరే, చివరి పేరా చదువు నాయనా."

చదువుతుంటే అతని గొంతు తగ్గుతూ వచ్చింది. ఆ మొదటి మాట లోకులది. దాన్ని తప్పని నిరూపించడానికే రచయిత మిగతా వ్యాసమంతా రాశాడు. తన తరఫున మాట్లాడిన మనిషినే లిన్‌షెంగ్ తిట్టిపోశాడు. తరగతి గొల్లుమంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"తగువు వద్దనను. కానీ ఎదుటివాడు ఏమన్నాడో పూర్తిగా చెప్పి, తర్వాత తిట్టు," అంది మేడమ్.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఛూ హాయ్ వేడినీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. లిన్‌షెంగ్ వ్యాసం మొత్తం అప్పజెప్పేవాడు. ఛూ హాయ్ కాచుకుని కూర్చునేది ఆ తర్వాత రచయితకు పడే తిట్ల కోసమే. అయినా ఏడిపించాలని, రచయిత ఆ మాట ఎక్కడన్నాడో చూపించమని అడ్డం పడేవాడు. లిన్‌షెంగ్ కాగితం తెచ్చి వేలు పెట్టి చూపించేవాడు. నాలుగు మాటల్లో మూడు అక్కడ ఉండేవే కావు. పోను పోను తిట్టడానికి సరుకే తగ్గిపోయింది.

తర్వాతి పరీక్షలో ఇద్దరూ గట్టెక్కారు. ఆ సంతోషంలో గొడ్డు మాంసం నూడుల్స్ తినడానికి వెళ్ళారు. అక్కడ ఫోన్లో మార్కులు పోల్చుకుంటే ఛూ హాయ్‌వే ఎక్కువ. లిన్‌షెంగ్ తన గిన్నె పక్కకు జరిపేశాడు.

"చదివింది నేను. కాళ్ళు నానబెట్టుకుని విన్నది నువ్వు. నీకెట్టా ఎక్కువొస్తయిరా?"

"రచయితల మీద నాకు పగ లేదు కదరా," అన్నాడు ఛూ హాయ్, తన గిన్నెలో ఇంకో చెంచా కారం నూనె వేసుకుంటూ.

లిన్‌షెంగ్ దీనికి గట్టి జవాబే చెప్పాలనుకున్నాడు. నూడుల్స్ చల్లారిపోతుంటే మళ్ళీ చెబుదామని తినడం మొదలుపెట్టాడు.