పచ్చ సిరా రాని స్కాన్

2007లో ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్ చూసేవాణ్ని. ఉద్యోగుల సర్వీసు పుస్తకాలన్నీ స్కాన్ చేయించమని ఆర్డరొచ్చింది. కాంట్రాక్టరు మనుషులు ఆదరాబాదరాగా ముగించారు. నేను ఏవో పది ఫైళ్లు తెరిచి, అన్నీ స్పష్టంగా ఉన్నాయని, పాత పుస్తకాలు ఇక పంపేయొచ్చని ఉన్న సర్టిఫికెట్ మీద సంతకం గీకాను. అది చూసే పాత పుస్తకాలను తుక్కుకి పంపేశారు.

రెండు నెలలకి అప్పన్న వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, మా ఆఫీసులో ఫైళ్లు కుట్టే దఫ్తరీ.

"నెలాఖరుకి రిటైరైపోమని కాయితమిచ్చినారు బాబూ. నాకింకా రెండేళ్లుంది. ఇప్పుడు క్వార్టర్ కాళీ చేసీమంటే, పిల్లది పన్నెండో క్లాసు, దాని చదువేటైపోద్ది?"

కంప్యూటర్లో అతని ఫైలు తెరిచాను. పుట్టిన సంవత్సరం 1947 అని నల్లగా, నిక్షేపంలా ఉంది.

"అది తప్పని అప్పట్లోనే ఆఫీసరు గారు కొట్టేసి, పచ్చ సిరాతో నలభై తొమ్మిదని రాసి సంతకం పెట్టినారు బాబూ," అన్నాడు. అతనికి బడి సర్టిఫికెట్ లేదు. ఆ దిద్దుబాటు ఒక్కటే ఆధారం. స్క్రీన్ మీద కొట్టివేతా లేదు, సంతకమూ లేదు.

స్కానింగ్ సూపర్‌వైజర్‌ని పిలిపించాను. "బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో చేశాం సర్. కలరైతే ఫైల్ సైజు పెరిగిపోతుంది. చదవడానికి సాఫ్ హై నా?" అన్నాడు తాపీగా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మోడ్‌లో ప్రతి చుక్కా నలుపో తెలుపో కావాల్సిందే, మధ్య రంగు ఉండదు. వెలిసిపోయిన పచ్చ గీతల్ని యంత్రం తెల్ల కాగితం కింద జమకట్టి వదిలేసింది. గ్రేస్కేల్‌లో తీసుంటే లేత బూడిద రంగులోనైనా మిగిలేవి. పెద్దది చేసి చూశాను, వెలుగు తగ్గించి చూశాను. ఫైల్లోకి ఎక్కనిది ఎంత వెతికినా ఎక్కడ దొరుకుతుంది?

తప్పు నాదేనని నోట్ రాసి పై అధికారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయనా తెలుగువాడే.

"1947 స్పష్టంగా కనిపిస్తోందా, లేదా?"

"కనిపిస్తోంది సార్."

"మీ సర్టిఫికెట్ కరెక్టే కదండీ. ఇంకేంటి?"

ఆ నోట్ ఆయన బల్ల దాటలేదు. నెలాఖరున వీడ్కోలు సభ పెట్టి, శాలువా కప్పమని నన్నే పిలిచారు. సిగ్గులేకుండా కప్పాను.

"పుస్తకాలు పంపీమని మీరే రాసినారంట గదా బాబూ?" అన్నాడు అప్పన్న మెల్లగా. అవునన్నాను.

ఆ తర్వాత ఏ స్కాన్‌నైనా అసలు కాగితం పక్కన పెట్టి, ప్రతి ముద్రా ప్రతి సిరా వచ్చిందో లేదో చూడనిదే సంతకం పెట్టలేదు. నేను ఆ పని నేర్చుకోవడానికి అప్పన్న రెండేళ్ల ఉద్యోగం పోయింది.