రంగులు తీసేసిన పిల్ల

మా చర్చి ఆఫీసులో కంప్యూటర్ పని చూసిన ఆ పిల్లకు ఒక అలవాటుండేది. ఏ పట్టిక తయారుచేసినా ముందు నాతో చదివించేది. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటాను. నేను తడబడిన చోటల్లా ఆమె పట్టికనే దిద్దేది, నన్ను కాదు.

సమాధుల తోట పట్టిక మాత్రం ఆమె రాకముందుది. నిండిన చోటికి ఎరుపు, ఖాళీకి పచ్చ, ఎవరికైనా ఉంచిన చోటికి పసుపు. కంప్యూటర్‌లో పండగలా కనిపించేది. మట్టెవాడ జిరాక్సు షాపులో నలుపు తెలుపు ప్రింటు తీయిస్తే అన్నీ బూడిదరంగే. ఒకరోజు ఆ కాగితం చూసుకుని, గుంతలు తవ్వే అతను వేరేవాళ్ల కోసం మా ఆయన సమాధి పక్కనే గడ్డపార దించాడు. అది నాకోసం ఉంచుకున్న చోటు.

"ఆపు బిడ్డా, అది నా జాగ!" అని అరిచాను.

"కాయితంల ఖాళీ లెక్కనే కనవడ్తాంది పెద్దమ్మా!"

ఆ పిల్ల ఉరికొచ్చి తవ్వడం ఆపించింది. ఆ సాయంత్రమే రంగులన్నీ తీసేసి, ఒక్కో సమాధికి ఒక్కో వరుస పెట్టింది.

"రంగు ఎలిసిపోతది పెద్దమ్మా, మాట రాయాలె. ఇగో, జర చదువు."

మా ఆయన పేరు, పోయిన తేదీ చదివాను. కింది వరుసలో నా పేరు, పక్క గడిలో 'ఉంచినది' అని ఉంది.

"మరి ఈ తేదీ గడి ఖాళీగ ఇడిసినవేందే?"

"అది నేను నింపేది కాదు పెద్దమ్మా!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ పిల్ల ఉద్యోగం మారి వెళ్లిపోయింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నాకేం తొందర లేదు.