గాలి యంత్రానికి దిండు గలీబు

ఆవిడను అందరూ గాలిమేడం అనే పిలుస్తారు. లారీలు తెరిపి లేకుండా పరిగెత్తే హైవే పక్కన, ఒక బడి మేడ మీద, గాలిలో దుమ్మెంత ఉందో కొలిచే యంత్రం ఉంది. దాని బాగోగులు చూడటమే ఆవిడ ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా ఇనుప నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగాయిగానీ, ఆ పనేమిటో ఎవరి బుర్రకూ ఎక్కలేదు. కేబుల్ బాగుచెయ్యడానికి వచ్చారా అని ఒకరు, కరెంటు ఎప్పుడొస్తుందని ఇంకొకరు. మొగుడికి మాత్రం బాగా తెలుసు. అతను అదే రోడ్డు మీద లారీ తోలతాడు. "నేను వదిలే పొగ నువ్వు లెక్కపెడుతున్నావు. ఇద్దరికీ చేతినిండా పని" అని పగలబడి నవ్వుతాడు. ఆవిడకు నవ్వు రాదు.

ఒకసారి కాలు బెణికి పది రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆఫీసరు మొహం వెలిగిపోతోంది. కంప్యూటర్లో దుమ్ము అంకెలు సగానికి సగం పడిపోయాయి.

"చూశావామ్మా? రోడ్డు మధ్యన మొక్కలు నాటించాం కదా, దాని ఫలితం! పేపరు వాళ్లకు కూడా చెప్పేశాను."

"అవి జానెడు మొక్కలు సార్. నిన్నగాక మొన్న నాటినవి. ఒకసారి వెళ్లి యంత్రం చూసొస్తాను."

"బాగున్నదాన్ని చూడటమెందుకు? పాడైతే చూడాలిగానీ."

ఆవిడకు ఒళ్లు మండింది. అంకెలు పెరిగినప్పుడల్లా యంత్రం చెడిందేమో చూడమని పరుగులు పెట్టించిన పెద్దమనిషే ఈయన! బస్సెక్కి బడికి పోయింది.

మేడెక్కి చూస్తే, యంత్రం గాలి పీల్చే గొట్టం నెత్తిన పువ్వుల దిండు గలీబు! పురికొసతో బిగించి మరీ కట్టారు.

వెనకే ఆయాసపడుతూ బడి ఆయా వచ్చింది. "నేనే కట్టానమ్మా, తొమ్మిది రోజులైంది. మీరు లేరు, అదేమో దుమ్ముకొట్టుకుపోతోంది. ఖరీదైన వస్తువు, పాడైపోతే ఎలాగని."

"దుమ్ము లోపలికి పోవాలనేగా తల్లీ దాన్నక్కడ పెట్టింది!"

"ఎక్కడైనా దుమ్ము కావాలనుకుంటారా అమ్మా?" ఆయా నోరు వెళ్లబెట్టింది.

ఏమని తిడుతుంది? పిట్టగోడ మీద కూలబడింది. కాసేపటికి గలీబు విప్పి చూస్తే, రోడ్డు వైపు ముఖం మసిగుడ్డలా ఉంది. అవతలి వైపు పువ్వులు పువ్వుల్లాగే ఉన్నాయి.

"ఇలా ఇవ్వండి, ఉతికేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

దాన్ని తీసుకెళ్లి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పరిచింది. ఆమె గలీబు వైపు చూసి, కిటికీలోంచి రోడ్డు పక్క మైదానంలో డ్రిల్లు చేస్తున్న పిల్లల వైపు చూసింది.

"ఇదంతా ఎన్నాళ్లది?"

"తొమ్మిది రోజులది."

"అయ్యో! ముందే చెప్పొద్దూ?"

గాలిమేడంకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆమె ఈ బడికి వచ్చిన ఆరేళ్లుగా నెలనెలా ఈ బల్ల మీదికే రిపోర్టు పంపుతోంది మరి.

ఆఫీసరు తప్పు ఒప్పుకోనన్నాడు. "పేపర్లో వచ్చేసింది. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?"

"పరువు కొలిచే యంత్రం నా దగ్గర లేదు సార్" అని, తొమ్మిది రోజుల అంకెలు చెల్లవని రిజిస్టర్లో రాసి, కారణం దగ్గర 'దిండు గలీబు' అని పెట్టి, సంతకం చేసి పెద్దాఫీసుకు పంపేసింది. అక్కడినుంచి జవాబొచ్చింది: సదరు గలీబు ఎవరి అనుమతితో అమర్చారు? ఇంకా ఎన్ని అమర్చాలి? మూడు ఉత్తరాలు రాశాక గానీ ఆ అంకెలు కొట్టేయలేదు. పేపరు మాత్రం సవరణ వెయ్యనే లేదు. ఆఫీసరు నెల్లాళ్లు ఆవిడతో మాట్లాడలేదు. ప్రాణానికి హాయిగా ఉందనుకుంది.

బళ్లో డ్రిల్లు వెనక పెరట్లోకి మారింది. వారం తిరక్కుండానే హెడ్మిస్ట్రెస్ ఫోను.

"మేడం, పెరడు చిన్నది. పిల్లల బంతి పక్కింటి గోడ దాటి వెళ్లి కిటికీ అద్దం పగలగొట్టింది. ఆయన గొడవకొచ్చాడు. దీనికేదైనా దారి చెప్పండి."

"దానిక్కూడా నేనేనా తల్లీ!" అని గాలిమేడం ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని, తిట్టుకుంటూ పక్కింటాయనతో మాట్లాడటానికి బయల్దేరింది.